టంకశాల తప్పా, తర్వాత తగిలిన దెబ్బా? పాత వెండి నాణేల మీద గుర్తులు చదివే పద్ధతి

పాత వెండి నాణెం మీద ఉండకూడనిదేదో కనిపిస్తే, అది ఎప్పుడు పడిందన్నదే అసలు ప్రశ్న. డై, అంటే బొమ్మ చెక్కిన ఉక్కు అచ్చు, దెబ్బ పడకముందు బిళ్ళలోనే, అంటే ఇంకా అచ్చు పడని వెండి ముక్కలోనే ఉందా? దెబ్బ పడే క్షణంలో వచ్చిందా? నాణెం యంత్రం నుంచి బయటపడ్డాక వచ్చిందా? మొదటి రెండూ టంకశాల తప్పులు. మూడోది ఎంత వింతగా ఉన్నా, ఎంత పాతదైనా దెబ్బే. ఆకారం చూడగానే పేరు పెట్టేస్తే మోసపోతాం. ఏ గుర్తు దేన్ని కప్పింది, ఏది దేన్ని చెరిపింది అని వరస చూసుకుంటూ వెళ్తే పొరపాట్లు బాగా తగ్గుతాయి. కింద చెప్పే పరీక్షలన్నీ ఆ వరస తేల్చడానికే.

చేతిలో ఏం ఉండాలి

లూప్ అంటే కంటికి దగ్గరగా పెట్టుకుని చూసే చిన్న భూతద్దం. 5 రెట్లది ఒకటి, 10 రెట్లది ఒకటి చాలు. వెతకడానికి 5, తేల్చుకోవడానికి 10. అంతకన్నా పెద్దది చూపే మైక్రోస్కోపు మొదట్లో పక్కదారి పట్టిస్తుంది. దాని కింద ప్రతి గీతా లోయలాగే కనబడుతుంది, ఏది ముఖ్యమో తెలియదు. 0.01 గ్రాము వరకు చూపే త్రాసు, దాన్ని సరిచూసుకునే తూకపు రాయి, ప్లాస్టిక్ దవడలున్న వెర్నియర్ కాలిపర్ కావాలి. స్టీలు కాలిపరే ఉంటే దవడలకు కాగితపు టేపు అంటించండి, లేకపోతే కొలిచే పనిలో మీరే ఒక కొత్త దెబ్బ చేర్చినవారవుతారు. కింద మెత్తటి బట్ట పరచండి. నాణేన్ని రెండు వేళ్ళతో అంచు దగ్గరే పట్టుకోండి.

వెలుతురు ఒక్క దీపం నుంచే రావాలి. అది కూడా పక్క నుంచి, ఏటవాలుగా. గది లైట్లన్నీ వేసి చూస్తే నీడలు చచ్చిపోతాయి, నీడ లేకపోతే ఈ పని సాగదు.

కడగడం, రుద్దడం, మెరుగు పెట్టడం మాత్రం చెయ్యకండి. గుంటలో ఉన్న మురికి, నలుపు, మెరుపు తెగిన చోటు, ఇవే మీ సాక్ష్యాలు.

ముందు మామూలు నాణెం ఎలా ఉంటుందో తెలుసుకోండి

సరైన కొలతలు తెలియకుండా తప్పు పట్టలేం. బ్రిటిష్ ఇండియా రూపాయి 11.66 గ్రాములు, సుమారు 30.5 మిల్లీమీటర్ల అడ్డుకొలత, 91.7 శాతం వెండి. 1940 నుంచి వెండిని 50 శాతానికి తగ్గించారు. అమెరికా మోర్గన్ డాలర్ 26.73 గ్రాములు, 38.1 మిల్లీమీటర్లు, 90 శాతం వెండి. మీ చేతిలో ఉన్న రకానికి ఈ అంకెలు కాటలాగులో చూసి కాగితం మీద రాసుకోండి. వీలైతే అదే రకం మామూలు నాణెం ఒకటి పక్కన పెట్టుకోండి.

ఇలా చేస్తే ఇంకో లాభం ఉంది. టంకశాల కావాలనే చేసిన వాటిని తప్పులనుకునే ప్రమాదం తప్పుతుంది. 1862 అని ఉన్న విక్టోరియా రూపాయిలు అదే తేదీతో 1874 దాకా అచ్చయ్యాయి. వాటి మీద కనిపించే చిన్న చుక్కలు డై విరిగి వచ్చినవి కావు, కావాలని పెట్టినవి. అలాగే 1911 జార్జి రూపాయి మీద రాజు అంగీపై ఉన్న ఏనుగు పందిలా కనబడటం బొమ్మ గీసినతీరు వల్ల వచ్చింది. గొడవ అయింది, బొమ్మ మార్చారు, అయినా అది అచ్చు తప్పు కాదు. బొమ్మ బొరుసులు ఒకదానికొకటి తలకిందులుగా ఉంటే డై తిరిగిపోయిందని కూడా తొందరపడకండి. అమెరికా నాణేలన్నిటికీ అదే పద్ధతి.

ఇక తూకం. అనుమానంగా ఉంటే సాంద్రత కూడా చూడొచ్చు. త్రాసు మీద గ్లాసులో నీళ్ళు పెట్టి అంకె సున్నా చెయ్యండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, అడుగుకు గానీ గోడకు గానీ తగలకుండా పూర్తిగా ముంచండి. అప్పుడు త్రాసు చూపే అంకెతో నాణెం పొడి తూకాన్ని భాగించాలి. పొడిగా 11.60, మునిగినప్పుడు 1.12 చూపిస్తే సాంద్రత 10.36. 91.7 శాతం వెండికి రావలసింది దాదాపు 10.3. అంకె 9 దగ్గరకు పడిపోతే చేతిలో ఉన్నది వేరే లోహం, ఎర్రర్ (టంకశాల తప్పు) సంగతి తర్వాత. గాలి బుడగలు అంటుకుంటే అంకె తప్పుతుంది కాబట్టి దారాన్ని కొద్దిగా కదిపి చూడండి. తర్వాత తడిని రుద్దకుండా బట్ట మీద అద్దండి.

తూకం చెప్పలేని సంగతీ గుర్తుంచుకోవాలి. సుత్తి దెబ్బ లోహాన్ని పక్కకు తోస్తుందే గాని తీసెయ్యదు. సొట్ట పడ్డ నాణెం పూర్తి తూకమే తూగుతుంది, కాబట్టి "తూకం సరిగ్గా ఉంది, కనక ఎర్రర్" అనే వాదన చెల్లదు.

ఉబ్బా, గుంటా?

ఇదే మొదటి చీలిక. కళ్ళు ఇక్కడ ఘోరంగా మోసం చేస్తాయి, ఫొటోలో మరీ. దీపం ఎటు ఉందో తెలుసుకుని నీడ చూడండి. ఉబ్బుగా ఉన్న గీత నీడ దీపానికి అవతలి పక్కన పడుతుంది. గుంటగా ఉన్న గీతలో దీపానికి దగ్గరి గోడే నీడలో ఉంటుంది. నాణేన్ని పావు చుట్టు తిప్పి మళ్ళీ చూడండి, రెండుసార్లూ ఒకే జవాబు రావాలి.

డైలో గుంటగా చెక్కినది నాణెం మీద ఉబ్బుగా వస్తుంది. అందుకే డై పగిలినా, పెచ్చు లేచినా, గీత పడినా ఆ లోటులోకి వెండి చొరబడి నాణెం మీద ఉబ్బుగా నిలుస్తుంది. డై పగులు వంకర టింకరగా అక్షరం నుంచి అక్షరానికి, చాలాసార్లు గట్టు (నాణెం చుట్టూ ఎత్తుగా ఉండే అంచు) దాకా పాకే సన్నటి ఉబ్బు గీత. గట్టు దగ్గర డై ముక్కే విరిగిపోతే అక్కడ బొమ్మా అక్షరాలూ లేని ఒక ముద్ద ఏర్పడుతుంది. అలాంటి ముద్ద కనబడితే నాణెం తిప్పి సరిగ్గా వెనక భాగం చూడండి. లోహం ఖాళీ వైపు పారిపోయింది కాబట్టి అక్కడ అచ్చు బలహీనంగా ఉంటుంది. ముద్ద ఉండి వెనక అక్షరాలు పూర్తి పదునుగా ఉంటే అది టంకం ముద్దేమో అనుమానించండి. నగల్లో వాడిన నాణేలకు కొక్కెం ఊడదీసిన చోట మిగిలే టంకం ఇలాగే గట్టును ఆనుకుని ఉంటుంది. దాని రంగు చుట్టూ ఉన్న వెండితో కలవదు, కింద అక్షరాలు పూడిపోయిన జాడ కూడా తెలుస్తుంది.

సన్నటి వెంట్రుకల్లాంటి గీతలు గుంపుగా కనబడితే డైకి మెరుగు పెట్టిన గీతలా, నాణేన్ని ఎవరో రుద్దిన గీతలా అన్నది తేల్చాలి. టంకశాలలో డై మెరుగు పెడితే ఆ రాయి డై పైతలానికే తగులుతుంది, చెక్కిన గుంటల్లోకి దిగదు. అందువల్ల నాణెం మీద ఆ గీతలు ఉబ్బుగా, ఖాళీ తలంలోనే ఉండి, బొమ్మ అంచు దగ్గర ఆగిపోతాయి. తర్వాత రుద్దిన గీతలు గుంటగా ఉండి తలం మీంచి అక్షరాల మీదికి, బొమ్మ బుగ్గ మీదికి ఏ అడ్డూ లేకుండా సాగిపోతాయి. 10 రెట్ల లూప్‌తో ఒక్క అక్షరం అంచును పట్టి చూస్తే చాలు.

గుంట అయితే: అడుగు చూడండి, గట్లు చూడండి

గుంటలే ఎక్కువ తగాదా పెట్టేవి. బిళ్ళలో లోపం, డైకీ బిళ్ళకీ మధ్య ఏదో ఇరుక్కోవడం, తర్వాత తగిలిన దెబ్బ, మూడూ గుంటగానే కనిపిస్తాయి.

మొదట గుంట గట్లు చూడండి. గట్టి వస్తువు నాణేన్ని గీస్తే నాగలి చాలులో మట్టి లేచినట్టు లోహం రెండు పక్కలా లేస్తుంది. ఆ లేచిన అంచు చుట్టూ ఉన్న తలం కంటే ఎత్తుగా ఉంటుంది, దానిమీద మెరుపు తెగి ఉంటుంది. గీత మొదలైన చోట సన్నగా, నొక్కిన చోట వెడల్పుగా, అడుగు V ఆకారంలో ఉంటుంది. అచ్చు పడేటప్పుడు తీగ ముక్క ఇరుక్కుంటే పడే గుంట వేరు. వెడల్పు మొదటి నుంచి చివరి దాకా ఒకటే, అడుగు గుండ్రం, పక్కన లోహం లేవదు. ఎందుకంటే ఆ క్షణంలో డై పైనుంచి మొత్తం తలాన్ని నొక్కి పట్టి ఉంది, లేవడానికి చోటు లేదు. గుడ్డ ముక్క ఇరుక్కుంటే నేత పోగులు అడుగున అచ్చు పడతాయి. డై గుంటల్లో గ్రీజు, మురికి గట్టిపడితే గుంటంటూ ఉండదు, అక్షరాలే మసకగా, సగం పుట్టినట్టు ఉంటాయి. పక్కనున్న తలం మాత్రం మామూలు మెరుపుతో ఉంటుంది. అక్షరాన్ని ఎవరైనా గీకి తీసేస్తే ఆ చోట తలం కొద్దిగా పల్లమై, గీకిన గీతలు మిగులుతాయి.

తర్వాత నాణెం వెనక వైపు. ఒక పక్క నుంచి మేకులాంటిది దిగితే వెనక ఉబ్బుతుంది. గట్టి రాయి మీద పెట్టి కొట్టి ఉంటే వెనక ఎత్తు భాగాలు చదునవుతాయి.

వెండి పొర పెచ్చు లేవడం ప్రత్యేకంగా చెప్పుకోవలసిన తప్పు. పోత పోసినప్పుడు మలినాలో గాలో చిక్కుకున్న రేకులో ఒక పొర సరిగ్గా అంటుకోదు. అది ఊడింది అచ్చు పడకముందా తర్వాతా అన్నది అడుగు చెబుతుంది. ముందే ఊడితే డై ఆ పల్లంలోకి కూడా దిగి నొక్కింది కాబట్టి అడుగున బొమ్మ గీతలు మసకగానైనా కనబడతాయి. తర్వాత ఊడితే అడుగున ఒకే దిశలో సాగిన గరుకు చారలే ఉంటాయి, బొమ్మ ఉండదు. రెండోది కూడా బిళ్ళ లోపం వల్ల వచ్చిందే కాబట్టి టంకశాల తప్పు కిందే లెక్క. గోటితో గాని సూదితో గాని ఆ పెచ్చును లేపి చూడకండి.

ఆకురాయి గీతల్లో కూడా రెండు రకాలున్నాయి. 18వ శతాబ్దం చివర్లో, 19వ శతాబ్దం మొదట్లో చాలా టంకశాలలు బరువు ఎక్కువైన బిళ్ళలను అచ్చు వేసే ముందు ఆకురాయితో అరగదీసేవి. ఆ సమాంతర గీతలు తలంలో డై ఒత్తిడికి చెరిగిపోయి, డై లోతులు పూర్తిగా నిండని చోట, అంటే బొమ్మ జుట్టు పైభాగంలోనో గట్టు మీదో మిగిలిపోతాయి. తర్వాత ఎవరో ఆకురాయి పట్టి ఉంటే గీతలు తలాన్నీ అక్షరాలనూ ఒకేలా కోస్తాయి, అంచులు కరుగ్గా ఉంటాయి. బరువు తక్కువైన బిళ్ళకు చేసిన చికిత్స ఇంకా విచిత్రం. 1795 అమెరికా డాలర్లలో కొన్నిటి మధ్యలో చిన్న వెండి బిరడా దిగేసి అప్పుడు అచ్చు వేశారు. బొమ్మ ఆ బిరడా మీంచి తెగకుండా సాగితే అది టంకశాల పని. దారం కోసం పొడిచిన రంధ్రాన్ని తర్వాత పూడ్చితే బొమ్మ అక్కడ ఆగిపోతుంది, లేదా చేత్తో మళ్ళీ చెక్కిన గీతలు పక్కవాటితో పొసగకుండా ఉంటాయి.

గుంటలో రంగు గురించి ఒక హెచ్చరిక. గీత లోపల తెల్లగా మెరుస్తుంటే దెబ్బ కొత్తది, అంతవరకు నిజం. చుట్టూ ఉన్నంత నలుపు లోపలా ఉంటే టంకశాలదే అనడం మాత్రం తప్పు. వందేళ్ళ కిందటి దెబ్బ కూడా నల్లబడుతుంది, గంధకం పొగ పెట్టి నలుపు తెప్పించేవాళ్ళూ ఉన్నారు. రంగు వయసు చెబుతుంది, అదీ సుమారుగా. కారణం చెప్పదు.

పెద్ద వెండి నాణేల మీద ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టు చిన్న చిన్న గాట్ల వరస కనబడితే కంగారు పడకండి. మరో నాణెం అంచు మీద ఉన్న గీట్లు గుద్దుకుని పడ్డ ముద్ర అది. సంచుల్లో కలిసి తిరిగిన నాణేలకు మామూలే.

అంచు కొరికినట్టున్న నాణెం

రేకు నుంచి బిళ్ళలు కొట్టేటప్పుడు పాత రంధ్రం మీద బిళ్ళ కొట్టే పంచ్ మళ్ళీ పడితే చంద్రవంకలా ఒక ముక్క లేని బిళ్ళ వస్తుంది. రేకు చివర పడితే తిన్నని కోత వస్తుంది. ఇది బాగా కోరుకునే తప్పు, బాగా నకిలీ అయ్యే తప్పు కూడా.

తూకం ఇక్కడ ఒక పని చేస్తుంది. మోర్గన్ డాలర్ వైశాల్యంలో 8 శాతం పోయిందనుకుంటే తూకం 24.6 గ్రాముల దగ్గర ఉండాలి. లెక్క కుదరకపోతే అనుమానించండి. కుదిరితే మాత్రం నిజమని కాదు, కత్తెరతో కోసినా అంతే తగ్గుతుంది.

అసలు పరీక్ష కోతకు సరిగ్గా ఎదుటి వైపు గట్టు. అచ్చుకు ముందు బిళ్ళను ఒక యంత్రంలో దొర్లించి గట్టు లేపుతారు. ఒక పక్క ముక్క లేకపోతే ఆ క్షణంలో ఎదుటి పక్క ఒత్తిడి అందదు. అందువల్ల ఎదుటి గట్టు బలహీనంగానో అసలు లేకుండానో ఉంటుంది. దీన్ని బ్లేక్స్‌లీ ప్రభావం అంటారు. చిన్న కోతల్లో ఇది కనబడకపోవచ్చు, లేనంత మాత్రాన కొట్టిపారెయ్యకండి.

ఇంకో సాక్ష్యం కోత పక్కన ఉన్న అక్షరాలు. నిజమైన కోత దగ్గర లోహం ఖాళీ వైపు పారింది కాబట్టి అక్షరాలు కొద్దిగా సాగి, పలచబడి, కోత వైపు కరిగిపోయినట్టు ఉంటాయి. తర్వాత కోసిన నాణెంలో అక్షరం నిండు ఎత్తుతో వచ్చి కత్తి వేటు దగ్గర టక్కున తెగుతుంది. కోసిన గోడ మీద కత్తెర చారలో ఆకురాయి చారలో కనబడతాయి.

రెండేసిగా కనిపించే అక్షరాలు

రెండు రూపాలు కనబడితే చాలు డబుల్ డై అని మురిసిపోతారు. చాలా భాగం వదులైన డై అచ్చు పడ్డాక అర వెంట్రుకంత జారడం వల్ల వచ్చినవే. అలా జారినప్పుడు అక్షరం పక్క గోరుతో నొక్కినట్టు చదునుగా, మెరుస్తూ, తలానికి దగ్గరగా ఒక మెట్టు ఏర్పడుతుంది. ఆ మెట్టు అక్షరం లోహంలోంచే వచ్చింది కాబట్టి అసలు అక్షరం సన్నబడుతుంది. ఇది దెబ్బ కాదు, సేకరణదారులు విలువిచ్చే తప్పూ కాదు.

నిజమైన డబుల్ డైలో డై తయారీలోనే బొమ్మ రెండుసార్లు కొద్ది తేడాతో దిగింది. రెండో రూపం కూడా గుండ్రంగా, నిండుగా లేస్తుంది. అక్షరం మొత్తం మీద లావవుతుంది, కొమ్ముల చివర చిన్న చీలిక కనబడుతుంది. ఆ డైతో కొట్టిన ప్రతి నాణెం మీదా అదే చోట అదే తేడా ఉంటుంది. 1888 న్యూ ఆర్లియన్స్ మోర్గన్ డాలర్ మీద రెండుగా వచ్చిన పెదవులు దీనికి పేరుపడ్డ ఉదాహరణ. 19వ శతాబ్దపు డైలలో తేదీ అంకెలను తరచు చేత్తో కొట్టేవారు. అలాంటప్పుడు ఒకటి రెండు అంకెలు మాత్రమే రెండుగా ఉండి, మిగతా అక్షరాలు ఒంటిగా ఉండటం మామూలే. డై బాగా అరిగినప్పుడు అక్షరాలు గట్టు వైపు ఉబ్బి మసకబారడం మరొకటి, అందులో చీలిక ఉండదు.

అద్దంలో బొమ్మలా తిరగబడ్డ గుర్తులు

మధ్యలో బిళ్ళ లేకుండా రెండు డైలు గుద్దుకుంటే ఒకదాని బొమ్మ గీత రెండోదాని మీద పడుతుంది. తర్వాత వచ్చే నాణేల మీద అది తిరగబడి కనిపిస్తుంది. రెండు నాణేలను పట్టకర్రలో (వైస్‌లో) బిగించి నొక్కినా తిరగబడ్డ అక్షరాలు వస్తాయి. ఈ రెంటినీ విడదీసేది చోటు. డైలో ఎత్తుగా ఉండేది ఖాళీ తలమే కాబట్టి గుద్దుకున్న జాడ నాణెం తలంలోనే, బొమ్మ చుట్టూ ఉంటుంది. బొమ్మ ఎత్తుల మీద ఉండదు. నాణెం మీద ఎత్తుగా ఉండేది బొమ్మ, గట్టు. పట్టకర్రలో ముందు నలిగేవి అవే. బుగ్గ చదునై, దాని మీద తిరగబడ్డ అక్షరం ఉంటే ఇక వెతకక్కర్లేదు.

ఒక పూర్తి వైపంతా గుంటగా, తిరగబడి ఉన్న నాణెం నిజంగానే టంకశాలలో పుడుతుంది. ముందు కొట్టిన నాణెం డైకి అతుక్కుని, అదే అచ్చుగా పనిచేస్తే అలా వస్తుంది. అప్పుడు ఆ వైపు అసలు బొమ్మ నలిగిన జాడ కూడా ఉండకూడదు.

సన్నబడ్డవి, సాగినవి

తూకం తక్కువైన నాణేనికి మూడు కారణాలు. అరిగితే ఎత్తు భాగాలు పోయి తలం, అంచు మిగులుతాయి. బిళ్ళే పలచనిదైతే అడ్డుకొలత సరిగ్గా ఉంటుంది, ఎందుకంటే అచ్చు పడేటప్పుడు బిళ్ళ చుట్టూ ఉండే కాలర్ అనే ఉంగరం దాన్ని ఆపింది. మందం మాత్రం తగ్గి, గట్టు దగ్గర అచ్చు నీరసంగా ఉంటుంది. యాసిడ్ తిన్నదైతే అడ్డుకొలతా మందమూ రెండూ తగ్గి, అక్షరాలన్నీ ఒకేలా సన్నబడి, ఉపరితలం రంధ్రాలతో పొడిగా కనబడుతుంది.

కాలర్ లేకుండా అచ్చు పడితే నాణెం వెడల్పై అంచు గీట్లు ఉండవు, కానీ మధ్య బొమ్మ మామూలు కొలతలోనే ఉంటుంది. తోలు మధ్య పెట్టి సుత్తితో సాగదీస్తే బొమ్మ మొత్తం పెద్దదై మసకబారుతుంది. మామూలు నాణెంతో పక్కపక్కన పెట్టి రెండు అక్షరాల మధ్య దూరం కొలవండి.

సుత్తితో కొట్టిన నాణేలు

మొఘల్ రూపాయిల్లాంటి వాటికి పై లెక్కలు చాలావరకు పనికిరావు. డై బిళ్ళ కంటే పెద్దది, కొట్టేది చెయ్యి. రాత సగమే పడటం, పక్కకు జరగడం, ఒక పక్క చదునుగా ఉండటం అక్కడ మామూలు, వాటిని ఎర్రర్లుగా అమ్మేవాళ్ళను నమ్మొద్దు. అంచు నుంచి లోపలికి సన్నబడుతూ పోయే పగుళ్ళు దెబ్బకు లోహం సాగినప్పుడు వచ్చినవి. వాటి మీద చిన్న చిన్న పువ్వులు, చుక్కలు, నక్షత్రాల్లాంటి గుర్తులుంటే అవి వెండిని పరీక్షించిన షరాబులు వేసినవి. టంకశాల తప్పు కాదు, మామూలు దెబ్బ అనీ అనలేం. చైనాలో తిరిగిన స్పానిష్ వెండి నాణేల మీద వ్యాపారులు వేసిన ముద్రలదీ ఇదే సంగతి, వాటినే ప్రత్యేకంగా సేకరించేవారున్నారు. లోపల రాగి ఉందేమోనని ఉలితో నరికిన గాటు మాత్రం గాటే.

తేలనప్పుడు

పైవన్నీ చూశాక కూడా సాక్ష్యాలు రెండు వైపులా లాగితే దెబ్బ అనే రాసుకోండి. టంకశాల తప్పని చెప్పాలంటే అచ్చు వేసే పనిలో ఏ మెట్టు దగ్గర, ఎలా జరిగిందో చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ పేరు పెట్టకూడదు. పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి నాణేలను పరీక్షించి ధ్రువీకరించే సంస్థలకు పంపే ఉద్దేశం ఉన్నా, తెలిసినవారిని అడగబోయినా ఫొటోలు ఇలా తియ్యండి: రెండు వైపులా నిటారుగా ఒక్కొక్కటి, అనుమానపు గుర్తు మీద దీపాన్ని ఎడమ నుంచి ఒకటి, అదే చోట కుడి నుంచి ఒకటి, దాని సరిగ్గా వెనక భాగం ఒకటి, అంచు చుట్టూ నాలుగు. తూకం, అడ్డుకొలత, మందం కింద రాయండి. దీపం ఎటు ఉందో ప్రతి ఫొటో మీద బాణం గుర్తుతో చూపండి, లేకపోతే చూసేవారికి ఉబ్బేదో గుంటేదో తెలియదు.